ఆదివారం ఒకే కూర

ఉదయం వంటింట్లోకి తొంగిచూసిన భర్త గుమ్మంలోనే ఆగిపోయాడు. పొయ్యి మీద ఒకే ఒక పెద్ద గిన్నె ఉంది, దానికీ మూతపెట్టి ఉంది. భార్య కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని తీరిగ్గా కాఫీ తాగుతోంది.

ఆమెను ఇంట్లోవాళ్లే కాదు, వీధంతా వదిన అనే పిలుస్తారు. ఆమె ఎక్స్‌రేలు తీసే ఆస్పత్రిలో కూడా అదే పిలుపు. ఒక్క భర్తే అలా పిలవడు, పాపం.

"గ్యాస్ అయిపోయిందా?" అడిగాడు.

"లేదు."

"ఒంట్లో బాగాలేదా?"

"నిక్షేపంగా ఉంది."

"మరి చెల్లెలు వస్తుంది కదా. తమ్ముడు, పిల్లలు..."

"తెలుసండీ. అన్నం కుక్కర్లో ఉంది, కూర అయింది. ఇంక పనేం లేదు."

అతను ఫ్రిజ్‌లు బాగుచేసే మనిషి. నడుస్తున్న మెషిన్ ఉన్నట్టుండి చప్పుడు ఆపేస్తే ఎంత ప్రమాదమో అతనికి తెలుసు. ఇప్పుడు ఆ వంటింట్లో చప్పుడు లేదు.

ప్రతి ఆదివారం ఆ ఇంట్లో ఏడు రకాలకు తక్కువ కాకుండా వంట సాగుతుంది. పెద్దకోడలిగా అడుగుపెట్టినప్పటి నుంచీ వదిన ఏనాడూ తప్పలేదు. కానీ పోయిన వారం ఆమె వేపుడు తిప్పుతుండగా, హాల్లో ఇల్లు ఎగిరిపోయేలా నవ్వులు వినిపించాయి. చేతులు తుడుచుకుని పరుగెత్తింది. అప్పటికే నవ్వు అయిపోయింది.

"ఏమైంది, ఏమైంది?" అనడిగింది.

"చెప్తే నవ్వు రాదు వదినా. ఇక్కడుండాలి," అన్నాడు మరిది కళ్లు తుడుచుకుంటూ.

తిరిగొచ్చేసరికి వేపుడు మాడిపోయింది. వారమంతా ఆమెను బాధపెట్టింది మాత్రం వేపుడు కాదు.

"చెల్లెలు ఊరుకోదు," అన్నాడు భర్త గొంతు తగ్గించి.

"ఊరుకోకపోతే హారన్ కొడుతుంది. అంతేగా!"

ఆడపడుచు డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పిస్తుంది. వణికే చేతులకు స్టీరింగ్ ఇచ్చి రోజంతా అరిచీ అరిచీ ఆ గొంతు అలాగే స్థిరపడిపోయింది. అందుకే ఇంట్లో ఆమెకు హారన్ అని పేరు. ఆ పేరు ఆమె ముందు ఎవరూ అనరు, అంత ధైర్యం లేదు.

పదకొండు దాటాక అందరూ వచ్చారు. హారన్ నేరుగా వంటింట్లోకి వెళ్లి గిన్నె మూత తీసింది. పొయ్యి కింద చూసింది, ఫ్రిజ్ తెరిచింది.

"మిగతావి ఎక్కడ దాచావు వదినా?"

"మిగతావి లేవు. ఇవాళ ఒకటే."

హాల్లో సోఫాలో కూర్చున్న అత్తగారు తల తిప్పి చూసింది. మరిది పిల్లల్ని మెల్లగా బాల్కనీలోకి తోలాడు.

"మేం వారం వారం వచ్చి పడుతున్నామని విసుగొచ్చిందా? రావద్దంటే పోయేదిగా! ఇలా గిన్నెతో చెప్పించాలా?"

భర్త నోరు తెరిచాడు. వదిన చెయ్యెత్తి అతన్ని ఆపింది. ఆమె గొంతు పెరగలేదు.

"రావద్దనుకుంటే ఆ ఒక్కటీ వండేదాన్ని కాదమ్మా. మీ అందరితో కలిసి కూర్చోవాలనిపించింది. ఏడు వండితే కూర్చోలేను, ఒకటి వండితే కూర్చోగలను. అంతే."

"ఇన్నాళ్లూ కూర్చోవద్దని నీకెవరు చెప్పారు?"

ఆ మాటతో వదిన లోపల ఏళ్లుగా నొక్కిపెట్టినది బయటికి వచ్చేసింది.

"ఎవరూ చెప్పలేదు, నిజమే. కానీ ఒక్కసారైనా మీ ఇంటికి రమ్మన్నావా? కొత్తిల్లు కొని మూడేళ్లయింది, గుమ్మం ఏ వైపుందో కూడా తెలీదు నాకు. ఎప్పుడడిగినా రంగులేస్తున్నారంటావు. ఒక్క పూట పిలిచుంటే, ఆ ఒక్క పూటైనా కూర్చుని తినేదాన్నిగా!"

హారన్ మొహం పాలిపోయింది. తలుపు దగ్గర నిలబడ్డ ఆమె భర్త, పదిమాటలకు ఒకటి మాట్లాడే మనిషి, గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"వద్దు. నేనే చెప్తా." హారన్ కుర్చీ లాక్కుని కూలబడింది. "రంగులు మేం దిగకముందే అయిపోయాయి వదినా."

"మరి?"

"రెండుసార్లు పిలుద్దామనుకున్నాను. కూరలు తరగడానికి కూర్చోగానే నీ భోజనాల బల్ల గుర్తొచ్చేది. ఏడు రకాలు! నాకొచ్చేవి రెండే. అందులో ఒకటి మాడుతుంది."

"రెండోది కూడా," అన్నాడు ఆమె భర్త.

"మీరు ఊరుకోండి! నీ చేతి వంట తిన్నవాళ్ల ముందు అవి పెట్టడానికి మొహం చెల్లలేదు. అందుకని రంగులన్నాను. ఒకసారి అన్నాక ఇంక ఆపలేకపోయాను. అయినా ఏ ఇంటికైనా మూడేళ్లు రంగులేస్తారా అన్నయ్యా? ఒక్కరూ అడగలేదేంటి?"

"పెద్ద ఇల్లనుకున్నానే," అన్నాడు వదిన భర్త అమాయకంగా.

ముందు మరిది నవ్వాడు. తర్వాత హారన్, కళ్లలో నీళ్లతోనే. ఆ నవ్వు గదంతా పాకింది. వదిన కూడా నవ్వుతోంది, కొంగుతో కళ్లొత్తుకుంటోంది. ప్రేమ అనుకుని తను వండిపెట్టిన ప్రతి రకమూ ఈ పిల్ల గుమ్మానికి అడ్డం పడిందన్నమాట. అది తనకు తోచనే లేదు.

"ఏడు రకాలు తిన్న రాత్రి నాకు నిద్రే పట్టదు," అంది అత్తగారు బల్ల దగ్గర సర్దుకుంటూ. "చెప్తే కోడలు చిన్నబుచ్చుకుంటుందని మింగాను. వడ్డించండర్రా, ఆకలేస్తోంది."

ఆ రోజు వదిన అందరి మధ్యా కూర్చుంది. మరిది రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. కూర్చున్నచోటు నుంచి ఆమె లేవలేదు, గిన్నే చేతులు మారుతూ ఆమె దగ్గరికి వచ్చింది.

లేచే ముందు హారన్ అంది, మామూలుకన్నా చాలా చిన్న గొంతుతో. "వచ్చే ఆదివారం మా ఇంటికి రండి. ఒకటే కూర."

ఆ ఆదివారం బయల్దేరే ముందు వదిన మనసు ఆగలేదు. పొద్దున్నే లేచి రెండు రకాలు చేసి డబ్బాల్లో సర్దింది. భర్త డబ్బాలను చూశాడు, ఆమెను చూశాడు. ఆమె డబ్బాలు రెండూ ఎదురింటివాళ్లకి ఇచ్చేసి వచ్చి స్కూటర్ ఎక్కింది.

ఆడపడుచు తలుపు తీసింది. లోపలి నుంచి మాడిన వాసన వస్తోంది. ఆమె చూపు ముందు వదిన మొహం మీదికి వెళ్లలేదు, చేతుల మీదికి వెళ్లింది.

"ఏం తెచ్చావు వదినా?" అంది బిక్కుబిక్కుమంటూ.

వదిన రెండు చేతులూ చాపి చూపించింది.

"ఏమీ తేలేదమ్మా. ఆకలేసి వచ్చాను."

ఖాళీగా చాచిన ఆ చేతుల్లోకి హారన్ చిన్నపిల్లలా వచ్చి వాలిపోయింది.