కాఫీ గ్రైండర్, నర్సమ్మ నిద్ర

పొద్దున్నే ఆ ఇంట్లో కాఫీ గ్రైండర్ మూడుసార్లు గర్జించేది. ఇంటాయన మెషీన్లో చిక్కగా దింపుకునే ఎస్ప్రెస్సో కాఫీకి పిండిలా మెత్తగా ఒకసారి, ఆయన తండ్రి కాగితం ఫిల్టర్‌లో పోసుకునే కాఫీకి కాస్త గరుగ్గా ఒకసారి, కూతురు గాజు జాడీలో నానబెట్టి వత్తుకునే కాఫీకి రవ్వలా ఇంకోసారి.

మూడింటికీ పనికొచ్చేది కావాలని ఆయన ఎన్ని దుకాణాలో తిరిగాడు. బ్లేడు తిరిగేదైతే పొడి సమంగా రాదు, చేత్తో తిప్పేదైతే ఇంతమందికి తెమలదు. చివరికి గింజల్ని రెండు చక్రాల మధ్య నలిపే పెద్ద కరెంటు గ్రైండర్ తెచ్చాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక నెలల తరబడి మంచానికి అతుక్కుపోయిన మనిషి, అది ఇంటికొచ్చిన రోజే మళ్ళీ నవ్వాడు. తర్వాత వేరే చోట పని కూడా దొరికింది.

భార్య నర్సు. రాత్రి డ్యూటీ ముగించుకుని ఈ మధ్య ఆయన ఆఫీసుకి బయల్దేరే వేళకి గానీ ఇల్లు చేరడం లేదు.

"డ్యూటీ పొడిగించారండీ," అంటుంది చెప్పులు విప్పుతూ.

ఒకరోజు పొద్దున ఆమె ఫోన్ ఎత్తకపోతే ఆయన వార్డుకి చేశాడు. "సిస్టర్ ఎప్పుడో వెళ్ళిపోయారండీ, రోజూ టైముకే వెళ్తారు," అన్నారు అవతల.

ఫోన్ పెట్టేసి తండ్రి దగ్గరికి వెళ్ళాడు. "నాన్నా, మీకేమైనా తెలుసా?"

పెద్దాయన పేపర్లోంచి తలెత్తలేదు. "వెనక సందులో చూడు. చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది."

సందు చివర, గోడ నీడన ఆమె డ్యూటీకి తీసుకెళ్ళే వాళ్ళ కారే ఉంది. వెనక సీట్లో ఆమె, యూనిఫాంలోనే, సంచీ తలకింద పెట్టుకుని, కాళ్ళు ముడుచుకుని నిద్రపోతోంది. అద్దం మీద గట్టిగా కొట్టాడు. ఉలిక్కిపడి లేచింది.

"ఇల్లుండగా ఇక్కడ పడుకోవడమేంటి? నాతో అబద్ధాలెందుకు?"

"అరవకండి, జనం చూస్తారు." కళ్ళు నులుముకుంది. "ఆ గ్రైండర్ చప్పుడుకి ఒకసారి లేస్తే మళ్ళీ నిద్ర పట్టదండీ. మొన్న నిద్రమత్తులో ఒకరి ఇంజెక్షన్ ఇంకొకరికి ఇవ్వబోయాను. పక్కనున్న సిస్టర్ ఆపింది కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచీ ఇక్కడే."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"ఎలా చెప్పను? ఎన్నాళ్ళకో మీరు ఈలేసుకుంటూ వంటింట్లో తిరుగుతున్నారు. నా నోటితో నేనే ఆపమననా?"

ఆయనకి గ్రైండర్ కొన్న రోజు గుర్తొచ్చింది. 'దీనికి చప్పుడెక్కువ సార్, ఇంట్లో ఎవరైనా పొద్దున పడుకునేవాళ్ళున్నారా?' అని అడిగాడు దుకాణదారు. 'అబ్బే, అందరూ లేచే ఉంటారు' అన్నాడు తను. ఎంత తేలిగ్గా అనేశాడు! తను మంచం పట్టిన రోజుల్లో ఇల్లు నెట్టుకొచ్చిన మనిషి ఆ 'అందరి'లో లేకుండా పోయింది.

"నన్ను కొట్టినా బావుండేది," అన్నాడు.

"కొట్టడానికి ఓపికేదీ? పదండి, ఇంటికి," అంది.

సాయంత్రం ఆమె డ్యూటీకి వెళ్ళాక, మర్నాటికి కావలసిన మూడు రకాల పొడీ ఆడించి డబ్బాల్లో పోశాడు. "తాజా వాసన పోతుంది కదరా, నువ్వే అనేవాడివి," అన్నాడు తండ్రి.

"పోనీ నాన్నా."

తెల్లారి ఆమె వచ్చేసరికి ఇల్లు సద్దు లేకుండా ఉంది. ఆయన పక్కన సోఫాలో కూలబడి, ఆయన కప్పులోంచే ఒక గుక్క తాగింది.

"చప్పగా ఉందండీ."

"నాకు తెలుసు."

ఆమె నవ్వబోయి, కళ్ళనీళ్ళు తుడుచుకుని, అలాగే ఆయన భుజం మీదికి వాలిపోయింది. ఏదో అనబోయి సగంలోనే నిద్రలోకి జారింది. ఆఫీసు టైము దాటిపోతోంది. చెయ్యి తిమ్మిరెక్కుతోంది. ఆయన కదల్లేదు.