ఉమాకాంత్ నాడి

ప్రయోగశాలలో కదలకుండా కూర్చున్న సత్యవేణి గుండె నిమిషానికి నూట నలభై సార్లు కొట్టుకుంటోంది. అక్కడ భయపడవలసిందేమీ లేదు. ఎదురుగా డాక్టర్ హైమవతి, ఆవిడ ముందు స్క్రీన్ మీద నాలుగువందల పేజీల పుస్తకం, అంతే.

ఆ పుస్తకమే సత్యవేణి కృత్రిమ గుండెను నడిపే ప్రోగ్రాం. రాసినవాడు ఆమె భర్త ఉమాకాంత్. అతను పోయి ఏడాది దాటింది. ఆ రోజుల్లో ప్రోగ్రాంలన్నీ అలాగే రాసేవారు: మనిషి చదువుకోవడానికి తెలుగులో వివరణ, మధ్యమధ్య పేర్లు పెట్టిన కోడ్ ముక్కలు. ఎక్కడ ఒక ముక్క పేరు కనిపిస్తే అక్కడికి ‘అల్లిక’ అనే యంత్రం ఆ ముక్కను తెచ్చి అతికించేది. కారణం రాయనిదే ఒక్క అక్షరం మార్చనిచ్చేది కాదు. మహా చాదస్తపు యంత్రం లెండి.

“ఖాళీగా కూర్చున్నా ఒక్కోసారి ఇలా పరుగెడుతుందండీ,” అంది సత్యవేణి. “ఆయన దగ్గరే ఉన్నారనిపిస్తుంది. బాగు చెయ్యకండి.”

“నూట తొంభై దాటితే మోటారు కాలిపోతుందమ్మా. ప్రాణంతో ఆటలా?”

హైమవతికి దయ్యాల మీద నమ్మకం లేదు. అయినా రెండువందల పన్నెండో పేజీ దగ్గర ఆగి, ఒక వాక్యం రెండుసార్లు చదివింది. ‘శరీరం నుంచి సంకేతం అందకపోతే ఉమాకాంత్ నాడిని అనుసరించు.’ కింద వివరణ: ‘ఎలాగూ ఇద్దరం కలిసే నడుస్తాం కదా.’

సత్యవేణి శరీరం నుంచి సంకేతం అందడం లేదు, సరే. పోయినవాడి నాడి ఎక్కణ్ణుంచి వస్తోంది? ఎర్రర్ ఒక్కటీ లేదు. అల్లిక లెక్కన అంతా సవ్యమే.

‘ఉమాకాంత్ నాడి’ అన్న ముక్కను వెతికి పట్టుకుంది. అందులో నాడి లేదు. నాడి కొలిచి పంపే అతని చేతి వాచీ ఫోన్ నంబరు ఉంది. అతను పోయాక ఆ నంబరును కంపెనీవాళ్లు ఇంకెవరి వాచీకో ఇచ్చేశారు. హైమవతి ఆ నంబరుకే ఫోన్ చేసింది.

“ఎవరండీ బాబూ! లారీలో ఘాట్ రోడ్డు దిగుతున్నాను, బ్రేకులు పట్టట్లేదు, పెట్టేయండి!”

స్క్రీన్ మీద నూట డెబ్బై. నూట ఎనభై.

సత్యవేణి ఆవిడ చెయ్యి పట్టుకుంది. “తెంపకండీ. ఎవరైతేనేం, ఉండనివ్వండి.”

హైమవతి చెయ్యి విడిపించుకుని ఆ పేరు కొట్టేసి, డెబ్బైరెండు అని వేసింది. అల్లిక కారణం అడిగింది. ‘ఇది ఉమాకాంత్ నాడి కాదు.’ చాలదంది. నూట ఎనభై ఆరు. ఆవిడ పంటి బిగువున టైపు చేసింది: ‘ఉమాకాంత్ చనిపోయాడు.’

అల్లిక ఒప్పుకుంది. గుండె నెమ్మదించింది.

కాసేపటికి లారీ ఆయనే ఫోన్ చేశాడు. “బండి ఇసకలోకి ఎక్కించేశానండీ, బతికిపోయాను. ఇందాక ఎవరండీ?”

“రాంగ్ నంబరండీ,” అంది హైమవతి.

సత్యవేణి గుండెల మీద చెయ్యి వేసుకుని చాలాసేపు వింది.

“ఇవాళ పోయారండీ ఆయన,” అంది.

ఏడాదిగా ఏడవనిదంతా అప్పుడు వెక్కివెక్కి ఏడ్చింది. గుండె మాత్రం డెబ్బైరెండు దగ్గరే కొట్టుకుంటోంది.