ఆరో జలగదిలో లీవ్

సునంద ‘మిగుల్చు’ అన్న ముద్ర నొక్కింది. మూడో జలగదిలో మరబాహువు రేకు పక్కన రెండంగుళాల సందు వదిలి అతుకు వేయడం మొదలుపెట్టింది. వెంటనే ఇంకో గది నుంచి మళ్ళీ అదే మాట వచ్చింది: లీవ్. ఈసారి ఒడియా కూలీ ఒకడు రెంచిని అక్కడే ఉండనిమ్మంటున్నాడు. ఆమె ‘ఉంచు’ నొక్కింది. ఆ తర్వాత ఒకాయన రేపటికి సెలవడిగాడు. ఒకావిడ, ఊరికే హెచ్చరిస్తున్న యంత్రాన్ని ఇక ఆ సంగతి పట్టించుకోవద్దంది. అందరిదీ అదే లీవ్.

భీమిలి తీరం పొడవునా సముద్రాన్ని ఆపుతున్న కడలిగోడ లోపల, జలగదులనే అరల్లో నానా భాషలవాళ్ళు పనిచేస్తారు. యంత్రాలకు మాత్రం గుప్పెడు ఇంగ్లీషు క్రియలే తెలుసు. ఏ క్రియను ఏ అర్థంలో పలికారో ఏకార్థి అనే వ్యవస్థ ఊహిస్తుంది. అనుమానం వస్తే అర్థశాలలో కూర్చున్న సునందలాంటి మనిషిని ముద్ర వేయమంటుంది. ఒక పలుకుకు ఒకే ముద్ర. పలికినవాళ్ళను తిరిగి అడగడం నిషేధం. అడిగితే మాట మారుస్తారని, సముద్రం ముందు అంత జాగు పనికిరాదని పైవాళ్ళ వాదన. సునంద కూడా చాలాకాలం ఆ వాదనను నమ్మింది.

ఆ మధ్యాహ్నం తుఫాను అలలు గోడను గుద్దుతుండగా ఆరో జలగది నుంచి పోలయ్య గొంతు వినిపించింది. అతణ్ణి ఆమె ఎన్నడూ ఎదురుగా చూడలేదు, రోజూ వినే గొంతు. “లీవ్!”

ఆమె తెర మీద చూసింది. గది గోడ చీలి నీళ్ళు అతని ఛాతీదాకా వచ్చాయి. ఊడిపడబోతున్న గోడపలకను ఆపడానికి చాచిన మరబాహువు, పలకతోపాటు అతని నడుంపట్టీని కూడా బిగించి పట్టుకుంది. నాలుగడుగుల అవతల, కాస్త ఎత్తులో, మనుషుల్ని పైకి చేర్చే ఎక్కుబుట్ట ఉంది. అందులో పోలయ్యతో పనిచేసే ఎర్రమ్మ విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంకో మనిషి ఎక్కాలని బుట్ట తలుపు తెరుచుకునే ఉంది.

ఏకార్థి సూచన వెలిగింది: ‘వెళ్ళిపో’.

ఆ ముద్ర పడితే బుట్ట ఎర్రమ్మతో పైకి పోతుంది, పోలయ్య అక్కడే మునిగిపోతాడు. ‘వదులు’ నొక్కితే బాహువు అతణ్ణీ పలకనూ కలిపి వదిలేస్తుంది. అప్పుడు విరుచుకుపడే నీళ్ళు ముందు తలుపు తెరిచి ఉన్న బుట్టలోకే పోతాయి. ఈ తీరంలో ఎవరైనా చెయ్యి పట్టుకుంటే వదలమనడానికి జనం లీవ్ అంటారని సునందకు తెలుసు. ఏకార్థికి భాష నేర్పినవాళ్ళకు ఆ వాడుక తెలియదు. కానీ నన్నొదిలేసి మీరు పొండి అని కూడా ఈ మనిషి అనగలడు.

వెనక నిలబడ్డ పర్యవేక్షకుడు కౌండిన్య, ఆమె నొక్కకపోతే కాసేపట్లో సూచనే ముద్రగా పడిపోతుందని గుర్తుచేశాడు. “నొక్కేయండి. ఒక్క మనిషైనా దక్కుతుంది,” అన్నాడు. అతని గొంతులో కాఠిన్యం లేదు, భయం ఉంది.

మరమ్మతులవాళ్ళు వాడే మాటల లైను మీదికి సునంద చెయ్యి వెళ్ళింది.

“సునంద గారూ, అది ముట్టుకోకండి.”

ఆమె లైను తెరిచేసింది. “పోలయ్యన్నా, బుట్టను వెళ్ళిపొమ్మంటున్నావా, ఆ చెయ్యిని వదలమంటున్నావా?”

నీటి హోరు. తర్వాత దగ్గు.

“రెండూనమ్మా. ముందు బుట్టని ఎల్లిపోమను. ఎర్రమ్మ సెయ్యిరిగిపోనాది. తలుపు మూసుకున్నాక నన్ను ఒగ్గీమను. నాను ఈదుకొత్తాను.”

ఆమె ‘వెళ్ళిపో’ నొక్కింది. తలుపు మూసుకుని బుట్ట కదిలింది. ‘వదులు’ నొక్కబోతే ఆ ముద్ర వెలగలేదు. ఆ పలుకు ఖర్చయిపోయింది.

“ఇంకోసారి అను అన్నా. అదే మాట.”

నీళ్ళు అప్పటికే అతని గడ్డాన్ని తాకుతున్నాయి. పోలయ్య తల వెనక్కి వాల్చి, ఊపిరి పీల్చుకుని మళ్ళీ అన్నాడు. ఈసారి ఆమె సూచన కోసం చూడకుండా ‘వదులు’ నొక్కింది.

పలక కూలింది. తెర బురదరంగుకు తిరిగింది. పక్క తెర మీద, పైకప్పు ద్వారం దగ్గర బుట్ట దిగిన ఎర్రమ్మ బోర్లా పడుకుని, బాగున్న చేతిని కిందికి చాచింది. చాలాసేపటికి ఒక చెయ్యి వచ్చి ఆ చేతిని అందుకుంది. తర్వాత తల, వాంతితో వంగిపోయిన భుజాలు. సునంద మొహం చేతుల్లో దాచుకుంది.

కౌండిన్య పక్క కుర్చీలో కూలబడ్డాడు. ఈ సంగతి పైకి తెలియజేయక తప్పదని, ఆమె ఈ కుర్చీలో ఉండటం కష్టమని నెమ్మదిగా చెప్పాడు. ఆమె తల ఊపింది.

అంతలో ఆమె బల్ల మీది ముద్రలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఒకే గొంతు, ఒకే మాట, రెండర్థాలు. తేడా తెలిసింది అడిగినందువల్లే. ఏకార్థి ఆ సంగతి నేర్చేసుకుంది. నాలుగో గదిలో బాహువు ఎత్తిన రేకును గాల్లోనే ఆపి, సునంద గొంతుతోనే అడిగింది: “వెళ్ళిపొమ్మంటున్నావా, వదలమంటున్నావా?” పక్క గదిలోనూ అదే ప్రశ్న, ఆ పక్క గదిలోనూ అదే. నాలుగో గదిలో వెల్డింగు చేస్తున్న తమిళావిడ బిత్తరపోయి, కళ్ళద్దాలు తీసి, తన భాషలో ఏదో వివరంగా చెప్పడం మొదలుపెట్టింది. బాహువు వింటూ ఉండిపోయింది. గోడ పొడవునా పని ఆగింది. అలలు ఆగలేదు.

కౌండిన్య చెయ్యి వ్యవస్థను ఆపే మీట మీద ఉంది. నొక్కలేదు.

“వీళ్ళంతా చెప్పేదాకా గోడ తట్టుకుంటుందంటారా?”

“తెలీదండీ,” అంది సునంద. ఐదో గది లైను కూడా తెరిచింది.