భాగ్యమ్మ డ్యూటీ డ్రెస్సు

ఆ రోజు పొద్దున భాగ్యమ్మ ఎప్పటిలాగే నేత చీర కట్టుకుని, అన్నం గిన్నె కింద యూనిఫాం మడతపెట్టి సంచి సర్దుకుంది. గచ్చిబౌలి పాత ఊళ్ళో వాళ్ళ ఇల్లు. భర్త మొగిలి ఆటో నడుపుతాడు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు కావడంతో ఆటో ఇంటి ముందే ఆగిపోయి ఉంది. అతను కండువా వేసుకుని ర్యాలీకి బయలుదేరుతున్నాడు.

దగ్గరలో ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ గేటు దగ్గర ఆడవాళ్ళ బ్యాగులు చూసే ఉద్యోగం ఆమెది. వానాకాలం మొదట్లో చేరింది. పని చేసుకుంటే చేసుకో గానీ చీర మాత్రం విడవొద్దని మొగిలి అప్పుడే చెప్పాడు. వాళ్ళ వాడకట్టులో పెళ్ళయిన ఆడది ప్యాంటు వేసుకోవడం ఎవరూ ఎరగరు. భాగ్యమ్మ సరేనంది. తీరా వెళ్ళేసరికి కంపెనీవాళ్ళు ప్యాంటు, చొక్కా, బెల్టు, టోపీ చేతిలో పెట్టారు. అప్పటినుంచి ఇంట్లో చీర, గేటు దగ్గర ప్యాంటు. ఈ సంగతి అత్త కొమురమ్మకు కూడా తెలియదు.

మొదట్లో ఆమెకే సిగ్గేసేది. చొక్కా మాటిమాటికీ కిందికి లాక్కునేది. పోనుపోను అలవాటైంది. వాన పడినా కుచ్చిళ్ళు తడుస్తాయన్న దిగులు లేదు. ఆఫీసు అమ్మాయిలు "గుడ్ మార్నింగ్ మేడమ్" అంటుంటే తెలియకుండానే నిటారుగా నిలబడేది.

మధ్యాహ్నం ర్యాలీ ఆ కంపెనీ ముందుకే వచ్చింది. ఆఫీసు మూసేయాలని కొందరు గేటు పట్టుకుని ఊపసాగారు. లోపలి అమ్మాయిలు బెదిరిపోయి మెట్ల దగ్గర గుంపు కట్టారు. తోటి గార్డులు ఆఫీసరు కోసం లోపలికి పరుగెత్తారు. భాగ్యమ్మ ఒక్కతే గేటు దగ్గరికి వచ్చింది.

"అన్నా, నేను గూడ ఈ ఊరిదాన్నే. తెలంగాణ నాగ్గూడ కావాలె. లోపల ఆడివిల్లలు భయపడుతుండ్రు. నినాదాలు ఈడనే ఇయ్యుండ్రి, గేటు మాత్రం ముట్టుకోకుండ్రి."

గేటు మీది చేతులు సడలాయి. అప్పుడు కనిపించాడు ఆమెకు మొగిలి, రెండో వరుసలో. అతనూ చూశాడు. టోపీ నుంచి బూట్ల దాకా చూసి తల దించుకున్నాడు. స్నేహితుడు వెంకటరమణ అతని భుజం తట్టి ఏదో అడిగాడు. మొగిలి అతని చెయ్యి తీసేసి గుంపులోంచి వెళ్ళిపోయాడు.

కాసేపటికి ర్యాలీ ముందుకు సాగింది. అమ్మాయిలు వచ్చి చేతులు పట్టుకుని ఏమేమో అన్నారు. భాగ్యమ్మ మనసు అక్కడ లేదు.

సాయంత్రం ఆమె చీరలోనే ఇల్లు చేరింది. మొగిలి గడప మీద కూర్చుని ఉన్నాడు.

"ఎప్పటి సంది ఇది?"

"చేరిన కాడి నుంచి."

నలుగురిలో తన ఇజ్జత్ పోయిందన్నాడు. రేపటి నుంచి ఆ పనికి పోవద్దన్నాడు. భాగ్యమ్మ లోపలికి వెళ్ళి బియ్యం కడగబోయింది గానీ చేతులు నీళ్ళలోనే ఉండిపోయాయి.

కొమురమ్మ కొడుకు చేత జరిగిందంతా చెప్పించుకుంది. విని, అంది.

"ఆ అద్దాల మేడలున్న కాడ అప్పట్ల వరి మళ్ళుండె. చీర మోకాళ్ళ మీదికి ఎగ్గట్టి, గోచి వెట్టి బురదల దిగి నాట్లేసిన. మీ నాయిన గట్టు మీదుండి చూసెటోడు. పనికి తగ్గ కట్టు అనుకున్నడు గని, ఇజ్జత్ పోయిందని ఏనాడు అనలె."

మొగిలి గడప మీంచి లేచాడు. తరువాత భార్య వైపు తిరిగాడు.

"నాకెందుకు చెప్పలె?"

"చెప్తే పోనిస్తుంటివా?"



"పోనియ్యకపోతుంటి," అన్నాడు.

ర్యాలీలో వెంకటరమణ అడిగిందేమిటో అప్పుడు చెప్పాడు. గేటు కాడున్నది మీ ఆమెనా, గుండె గల్ల మనిషిరా అన్నాడట.

"అవునని అననీకె నాకు నోరు రాలె, భాగ్యా. అప్పటి సంది అదే మనసుల తొలుస్తుంది."

భాగ్యమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. ఇన్ని నెలల భయం కన్నీళ్ళయి కారిపోయింది. కొమురమ్మ ఆమె ముందున్న బియ్యం గిన్నె తీసుకుని తానే పొయ్యి మీద పెట్టింది.

మర్నాడు భాగ్యమ్మ ఇంట్లోనే యూనిఫాం వేసుకుంది. గడప దాటడానికి మాత్రం వెనకాడింది. మొగిలి చెప్పులేసుకుని వచ్చి పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ నడుచుకుంటూ బయలుదేరారు. నల్లా దగ్గరి ఆడవాళ్ళు బిందెలు వదిలేసి చూశారు. వాళ్ళలో లక్ష్మీదేవి ఉండబట్టలేక, పొద్దుగాల్నే ఇద్దరూ ఏడికి పయనమని అడిగింది.

మొగిలి ఆగాడు. వీధి వీధంతా వినిపించేలా చెప్పాడు.

"మా ఆమెకు డ్యూటీ ఉంది. దిగవెట్టి వస్త."

భాగ్యమ్మ తల దించుకోలేదు. ఒళ్ళు తేలికైపోయి, అతని పక్కనే పెద్ద పెద్ద అంగలు వేస్తూ నడిచింది.