పదిలో ఏడాటలు

లిపా ఊరి సంతవీధిలో నెస్టర్ ఇంటికి పొద్దు తెల్లవారేది వెల్లుల్లి వేగే వాసనతోనే. ఇంటి కింది భాగంలో వీధివైపు భార్య లునింగ్‌నింగ్ నడిపే చిన్న అన్నం కొట్టు. దాని వెనక గదిలో, కర్రతో బంతులు కొట్టి పాకెట్లలో పడేసే రెండు పూల్ బల్లలు. ఆ బల్లల మీద కుర్రవాళ్ళకు ఆట నేర్పుతూ, గంటల లెక్కన బల్లలు అద్దెకిస్తూ నెస్టర్ కాలం గడుపుతున్నాడు. ఒకప్పుడు దేశమంతా తిరిగి పోటీలాడినవాడు. నలభై నాలుగేళ్ళకే కళ్ళు మసకబారి ఆట మానేశాడు. ఆ గౌరవంతోనే జిల్లా పూల్ సంఘం వాళ్ళు అతన్ని పోటీల కమిటీలో వేసుకున్నారు.

ఆ రోజు పొద్దున్న నింగ్ రాత్రి మిగిలిన అన్నాన్ని వెల్లుల్లితో వేయిస్తోంది. అందరూ ఆమెను నింగ్ అనే పిలుస్తారు. ఆమె అత్తగారు బసీలియా గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని పులుసులోకి తూటికూర ఆకు తుంచుతోంది. నెస్టర్ నల్లకాఫీ తాగుతున్నాడు. పదిహేడేళ్ళ కూతురు అమిహాన్ ఎండుచేప కొరుక్కుంటూ ఫోన్ చూస్తున్నదల్లా ఉన్నట్టుండి తినడం ఆపేసింది.

"నాన్నా, ఈ ఏడు పోటీల నిబంధనలు వచ్చాయి. ఇవి మీ కమిటీ పెట్టినవేనా?"

"ఇంకా పెట్టలేదు. అది ముసాయిదా. ఇవాళ పది గంటలకు మీటింగు, సంతకాలు అక్కడే."

"అయితే విను. మగవాళ్ళకు ముందు పదకొండు ఆటలు గెలిచినవాడిది పోటీ. ఒకసారి ఓడినా ఇంకో అవకాశం. రెండోసారి ఓడితేనే ఇంటికి. మొదటి బహుమతి ఐదు లక్షల పెసోలు." అమిహాన్ గొంతు సవరించుకుంది. "ఆడవాళ్ళకు ఐదాటలు. ఒక్కసారి ఓడితే ఇంటికి. మొదటి బహుమతి అరవై వేలు."

"ప్రతి ఏడూ ఉన్నదేగా."

"ప్రతి ఏడూ ఉన్నదే కనక అడుగుతున్నా. పోయినేడు నేను నాలుగు-నాలుగు దాకా వచ్చా. ఆఖరి ఆటలో ఆ అమ్మాయి గురి పెట్టింది ఒక పాకెట్‌కి, ఆట గెలిపించే తొమ్మిదో బంతి బల్ల అంచులకు కొట్టుకుని పడింది ఇంకో పాకెట్‌లో. నలభై నిమిషాల్లో నా పోటీ అయిపోయింది. ఐదాటల్లో గెలిచేది ఆట కాదు నాన్నా, అదృష్టం. ఈ మాట నాకు నేర్పింది నువ్వే."

నెస్టర్ నవ్వి తప్పించుకోబోయాడు. "ఆడవాళ్ళ ఆట చూడ్డానికి ఎంతమంది వస్తున్నారే? డబ్బు పెట్టేది కోడిపుంజుల దాణా కంపెనీ వాడు. కుర్చీలు నిండినచోటే వాడు పెడతాడు. నువ్వు ముందు ఆట బాగు చేసుకో. బాగా ఆడితే నిబంధనలు ఏం చేస్తాయి?"

పొయ్యి దగ్గర గరిటె చప్పుడు ఆగిపోయింది.

"నేను బాగానే ఆడాను," అంది నింగ్. గొంతు పెంచలేదు. "నన్నేం చేశాయో చెప్పు దానికి."

ఆ ఇంట్లో పన్నెండేళ్ళుగా ఎవరూ ఎత్తని మాట అది. అమిహాన్ తల్లి వంక వింతగా చూసింది. అమ్మ పెళ్ళికి ముందూ తర్వాతా కొన్నాళ్ళు పూల్ ఆడి మానేసిందని మాత్రమే దానికి తెలుసు.

"నాకు ఉబ్బసం ఎక్కువైందని నువ్వే మానేశావు కదమ్మా?"

"అలా చెప్పుకున్నాం." నింగ్ పొయ్యి ఆపి నడుముకు కట్టుకున్న గుడ్డతో చేతులు తుడుచుకుంది. "నీకప్పుడు ఐదేళ్ళు. మేమిద్దరం ఇవే పోటీలకు వెళ్ళాం. నాలుగు రోజులు. నువ్వు ఊపిరాడక ఆసుపత్రిలో ఉంటే మీ నానమ్మ ఒక్కతే నీ మంచం పక్కన కూర్చుంది. ఆ ఏడు ఆడవాళ్ళ పోటీ గెలిచింది నేను. ఒక్కసారీ ఓడలేదు. నాకిచ్చింది పదిహేను వేలు. మీ నాన్న రెండుసార్లు ఓడి తొమ్మిదో స్థానంలో ఆగాడు. అతనికిచ్చింది ఇరవై వేలు."

అమిహాన్ ఫోన్ బల్ల మీద పెట్టేసింది.

"ఇంటికొచ్చాక మీ నానమ్మ బహుమతి డబ్బున్న రెండు కవర్లూ ఈ బల్ల మీదే పెట్టింది. ఇద్దరూ ఊళ్ళు పట్టుకు తిరిగితే పిల్ల దక్కదు, ఒకరు ఇంట్లో ఉండాలి అంది. కవర్లు చూసింది. తెల్లారి నన్ను పిలిచి, 'నువ్వుండమ్మా' అంది." నింగ్ అత్తగారి వైపు తిరగలేదు. పన్నెండేళ్ళుగా ఆమెతో కావలసినంత మట్టుకే మాట్లాడడం అలవాటైపోయింది. "పిల్ల కోసం మానడానికి నాకు బాధ లేదు. కవరు బరువు చూసి మానిపించారు. ఎవరి ఆట ఎంతో ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు."

బసీలియా చేతిలో ఆకు ఒళ్ళోకి జారిపోయింది. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. చేపలమ్మి ఐదుగురు పిల్లల్ని పెంచిన గొంతు ఇంకా గట్టిగానే ఉంది.

"అడగలేదని ఎవరు చెప్పారు నీకు?"

"అమ్మా, ఊరుకో," అన్నాడు నెస్టర్ గబగబా.

"ఎందుకూరుకోవాలి? ఒకరి మూట మోసుకుని నేను గోతిలోకి పోను." ముసలామె కుర్చీ చేతుల మీద బలం వేసి లేచి నిలబడింది. "ఆ రాత్రి వీణ్ణి అడిగాను. నాకీ ఆట తెలీదురా, కవర్లు చూస్తే నీది పెద్దది, ఆ పిల్ల మాత్రం గెలిచానంటోంది, నాకేం అర్థం కావడం లేదు, ఇంట్లో మీరిద్దరూ ఆడుకుంటే ఎవరు గెలుస్తారో చెప్పు అన్నాను. 'నేనే' అన్నాడు. 'ఎప్పుడూ నేనే' అన్నాడు. నింగ్ గెలుస్తుందని చెప్పుంటే వీడి కర్ర లాక్కుని ఈ పొయ్యి దగ్గర నిలబెట్టేదాన్ని. పడవల దగ్గర మగవాళ్ళతో సమానంగా గంపలు మోసినదాన్ని, ఆడదాని చెయ్యి తక్కువని నేనంటానా?"

వీధిలో జనాన్ని మోసే జీప్నీ బండి ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. కొట్టు ముందు నిలబడ్డ ఇద్దరు కూలీలు లోపలి వాలకం చూసి పక్క కొట్టుకు వెళ్ళిపోయారు.

నింగ్ మొగుడి వైపు తిరిగింది. "నిజమేనా నెస్టర్?"

అబద్ధమాడే ఓపిక కూడా మిగలలేదతనికి. "నిజమే."

"పదాటలాడితే నువ్వు ఎన్ని గెలిచేవాడివి?"

"మూడు."

"నాకు తెలుసు. నీకూ తెలుసు. నువ్వు చెప్పే ఉంటావు, చెప్పినా ఆవిడ వినలేదనుకున్నాను." నింగ్ చేతిలోని గుడ్డ బల్ల మీద పడేసింది. "పన్నెండేళ్ళు ఈ ముసలామె మీద కోపం పెట్టుకున్నాను. ఆవిడ జ్వరంతో పడుకుంటే గంజి పక్కన పెట్టి పలకరించకుండా వచ్చేశాను. రోజూ ఒకే గుమ్మం దగ్గర ఇద్దరం కూర్చుని ఆకులు తుంచాం, ఒక్క మంచి మాట లేకుండా."

"నన్ను ఒక్కసారి అడగకపోయావా తల్లీ," అంది బసీలియా.

"మీరు నన్ను అడగకపోయారా అత్తయ్యా."

ఇద్దరిలో ఎవరు ముందు కదిలారో నెస్టర్ చూడలేదు. అతను తల వంచుకునే ఉన్నాడు. తల ఎత్తేసరికి నింగ్ అత్తగారి పాదాల దగ్గర నేల మీద కూలబడి ఉంది. ముసలామె తడిచేతులు కోడలి జుట్టులో ఉన్నాయి. ఇద్దరూ చప్పుడు లేకుండా ఏడుస్తున్నారు. అమిహాన్ ఏడవడం లేదు. తండ్రినే చూస్తోంది. ఆ చూపు కంటే అది నాలుగు తిట్లు తిట్టినా బాగుండునని అతనికి అనిపించింది.

"ఎందుకు నాన్నా?" అంది చివరికి.

"భయం. నాకు ఇంకో పని రాదు. రెండేళ్ళు ఆడితే ఏదో ఒక పెద్ద పోటీ గెలుస్తాను, అప్పుడు అమ్మను మళ్ళీ ఆడమందాం అనుకున్నా. రెండేళ్ళు తొమ్మిదయ్యాయి. నేను ఏదీ గెలవలేదు."

పది గంటలకు అతను మీటింగుకు వెళ్ళాడు. కాళ్ళు వాటంతటవే నడిచాయి. దారి పొడుగునా అతని తలలో ఒకే లెక్క తిరుగుతోంది. రెండుసార్లు ఓడినవాడికి ఇరవై వేలు, ఒక్కసారీ ఓడని మనిషికి పదిహేను. తన అబద్ధం ఆ రాత్రి పుట్టిందే గానీ, దాన్ని నమ్మేలా చేసింది ఆ కవర్లే. ఆ కవర్లను అలా నింపిన నిబంధనల మీదే తను మూడేళ్ళుగా ఏటా సంతకం చేస్తున్నాడు.

సంఘం పెద్ద ఫౌస్తో కలం అందించాడు. నెస్టర్ అందుకోలేదు.

"అన్నా, మగవాళ్ళ పదకొండును తొమ్మిదికి దించుదాం. ఆడవాళ్ళ ఐదును తొమ్మిదికి పెంచుదాం. ఇద్దరికీ రెండు ఓటముల దాకా అవకాశం ఇద్దాం. పన్నెండు బల్లలు, నాలుగు రోజులు. సరిపోతుంది, నేను లెక్క వేశాను. బహుమతి కూడా ఒకటే ఉండాలి."

"ఏమైంది నీకీ పొద్దున? కూతురు పోరు పెట్టిందా?" అని ఫౌస్తో నవ్వాడు. మిగతావాళ్ళూ నవ్వారు.

"కూతురు కాదు. నా పెళ్ళాం నాకంటే మంచి ఆటగత్తె. పదాటల్లో ఏడు నా మీద గెలిచేది. నేను ఆ సంగతి దాచి ఆమె చేత ఆట మానిపించాను."

నవ్వులు ఆగిపోయాయి. పాతికేళ్ళుగా ఎరిగిన మనుషుల ముందు ఆ మాట అంటుంటే నెస్టర్ చెవులు మండాయి. అయినా ఇంకోసారి అన్నాడు, వినపడలేదని ఎవరూ అనకుండా.

మధ్యాహ్నం దాకా వాదన నడిచింది. ఆటల సంఖ్యకూ రెండో అవకాశానికీ ఒప్పుకున్నారు, ఎందుకంటే బల్లల లెక్క నిజంగానే సరిపోయింది. బహుమతి దగ్గర మాత్రం ఎవరూ కదల్లేదు. దాణా కంపెనీ వాడితో ఫోన్లో బేరమాడితే ఆడవాళ్ళ అరవై వేలు లక్షన్నర అయింది. మగవాళ్ళ ఐదు లక్షలు ఐదు లక్షలుగానే ఉంది.

"ఇంతకంటే రాదు నెస్టర్. సంతకం పెట్టు."

"సమానం కాని కాగితం మీద నేను పెట్టను."

"అయితే నీ చోట్లో ఇంకొకర్ని చూసుకుంటాం."

"చూసుకోండన్నా," అని లేచి వచ్చేశాడు.

సాయంత్రం నింగ్‌కు జరిగింది చెప్పాడు. ఆమె గిన్నెలు తోముతూ విన్నది.

"ఈ మాట ఆనాడు మీ అమ్మతో ఒక్కదానితో చెప్తే సరిపోయేది. ఇవాళ కమిటీ అంతటికీ చెప్పాల్సి వచ్చింది," అంది. ఆ రోజు నుంచి అతని పక్క వెనక గదిలో, బల్లల మధ్యే పడింది.

తొమ్మిదో రోజు తెల్లవారుజామున బంతులు తగిలే చప్పుడుకు అతనికి మెలకువ వచ్చింది. పక్క బల్ల దగ్గర నింగ్ కూతురి కర్ర పట్టుకుని వంగి ఉంది. గురి చూసి కొట్టింది. బంతి పాకెట్ అంచుకు తగిలి బయటికి వచ్చేసింది. మళ్ళీ పెట్టుకుని కొట్టింది. మళ్ళీ తప్పింది. పన్నెండేళ్ళు గరిటె తిప్పిన మణికట్టు ఆఖరి క్షణంలో పక్కకు తిరుగుతోంది. ఒకప్పుడు ఆమె ఆ దెబ్బ కళ్ళు మూసుకుని కొట్టేది. నెస్టర్ కళ్ళు మూసుకుని నిద్ర నటించాడు.

పోటీల మొదటి రోజు ఆడవాళ్ళ జాబితాలో అమిహాన్ పేరు కింద లునింగ్‌నింగ్ పేరు ఉంది. నలభై ఒక్కేళ్ళ మనిషిని చూసి కొందరు పిల్లలు గుసగుసలాడుకున్నారు. బసీలియా కోడలి కోసం ఉడకబెట్టిన గుడ్లు మూటగట్టుకుని ముందు వరసలో కూర్చుంది. నెస్టర్‌ను ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు. అతను వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

మొదటి పోటీ నింగ్ ఆరు-తొమ్మిదితో ఓడిపోయింది. పాత నిబంధనలైతే ఆమె అప్పుడే ఇంటికి వెళ్ళవలసింది. రెండో పోటీలో మూడు-ఏడు వెనకబడి, అక్కణ్ణించి ఒక్కొక్క ఆటే తెచ్చుకుంటూ ఎనిమిది-ఎనిమిది చేసింది. ఆఖరి ఆటలో తెల్ల బంతి బల్ల మూడు అంచులు తాకి, అనుకున్న చోటుకే నడుచుకుంటూ వెళ్ళినట్టు వెళ్ళి ఆగింది. హాల్లో ఎవరో "అబ్బ!" అన్నారు. నెస్టర్ గోడను వదిలి ఒక అడుగు ముందుకు వేశాడు. పాతికేళ్ళ నింగ్ ఆ దెబ్బలో ఒక్క క్షణం కనిపించి మాయమైంది.

ఆ పోటీ నింగ్ గెలిచింది. మూడో పోటీలో సెబు దీవి నుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ళ పిల్ల ఆమెను ఏడు-తొమ్మిదితో ఓడించింది. నింగ్ ఆ పిల్లతో చెయ్యి కలిపి, నెమ్మదిగా నడుచుకుంటూ వెనక గోడ దగ్గరికి వచ్చింది. ఆ మీటింగు రోజు తర్వాత మొగుడికి అంత దగ్గరగా వచ్చి నిలబడడం అదే మొదటిసారి. ముఖమంతా చెమట. వేళ్ళకు కర్ర మొనకు రాసే నీలం సుద్ద.

"ఇంకొంచెం సాధన ఉంటే..." అంటూ ఏదో చెప్పబోయాడు నెస్టర్.

"వద్దు. ఆ పిల్ల నాకంటే బాగా ఆడింది. తొమ్మిదాటల పోటీలో, ఎదురుగా నిలబడి గెలిచింది." నింగ్ ఊపిరి పీల్చుకుంది. "ఇలా ఓడిపోవడమే కావాలనుకున్నాను నెస్టర్. ఇలా ఓడి మానేసి ఉంటే పన్నెండేళ్ళు సుఖంగా నిద్రపోయేదాన్ని."

అతను ఏడ్చాడు. అంతమందిలో, ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా ఏడ్చాడు. నింగ్ ఓదార్చలేదు. అలాగని వదిలి వెళ్ళనూ లేదు. అతని ఏడుపు తగ్గేదాకా పక్కనే గోడకు ఆనుకుని నిలబడింది.

"రా, అమిహాన్ ఆట మొదలవుతోంది," అంది తర్వాత.

ముందు వరసలో బసీలియా పక్క కుర్చీ మీది గుడ్ల మూట తీసి ఒళ్ళో పెట్టుకుని, కోడలికి చోటిచ్చింది. మూడో కుర్చీ లేదు. నెస్టర్ వాళ్ళిద్దరి వెనక నిలబడి కూతురి ఆట చూశాడు.