గేర్ రాడ్డుకు అతికిన పోగు

"తెగిన పోగు అతుకమ్మ ఉయ్యాలో... సందె దీపం పెట్టమ్మ ఉయ్యాలో..."

ఆ తర్వాతి వరుస సుశీలమ్మకు యాదికి రాలేదు. చిన్నప్పుడు మగ్గం గుంట పక్కన కూర్చొని కండెలు చుడుతుంటే వాళ్లవ్వ పాడేది. రెండు వరుసలు నిలిచినయి, మూడోది ఎటో కొట్టుకపోయింది. సిద్దిపేటల మెదక్ రోడ్డు మీది కార్ల షెడ్డు ముందర, ప్లాస్టిక్ కుర్చీల కూర్చొని, ఉన్న రెండు వరుసలనే మళ్లీ మళ్లీ కూనిరాగం తీస్తున్నది.

షెడ్డు లోపల ఆమె మనుమడు ప్రణీత్, మెకానిక్ రాజం ఇద్దరు ప్రణీత్ కారు ముందర నిలబడి ముచ్చట పెడుతున్నరు. పాతదే అయినా ప్రణీత్‌కు ఆ కారంటే పానం. చేత్తో గేర్లు మార్చే బండిని నడిపితేనే నడిపినట్టు అంటడు. తెల్లారితే చేర్యాలకు పోయి, తల్లిగారింట్ల ఉన్న భార్య అనూహ్యను, పసిపాపను అదే బండ్ల తీసుకరావాలె. పాప మొదటిసారి ఎక్కే బండి. అందుకే వద్దన్నా వినకుండ సుశీలమ్మ వెంట వచ్చింది.

"మంచిగ నడుస్తున్న బండికి గీ కత ఏందిరా?" అని పొద్దున్నే అడిగింది.

"అప్‌గ్రేడ్ బాపమ్మా. గేర్ రాడ్డు పొట్టిది ఏస్తరు. మణికట్టు కదిలిస్తే సాలు, గేరు పడ్తది. ఇగ ఫ్లైవీల్ అని ఇంజిన్ ఎనుక ఇనుప చక్రం ఉంటది. బరువుది తీసి తేలికది ఏస్తరు. తొక్కంగనే లేస్తది, ఇడువంగనే ఆగుతది."

సుశీలమ్మకు గది వెంటనే సమజైంది. రాట్నం తిప్పిన చేతులు ఆమెవి. "బరువు చక్రం మెల్లగ లేసినా సాఫుగ తిరుగుతది బిడ్డా. తేలికది బెదురు గొడ్డు లెక్క. పసిపిల్ల ఎక్కే బండికి బరువుదే మంచిది."

"సరే తియ్యి, నీ రాట్నానికి స్టీరింగ్ పెట్టి పాపను దాంట్లనే తీసుకొస్త!" అని నవ్విండు వాడు.

రాజం బల్ల మీద రెండు తీర్ల సామాను పెట్టిండు. ఒకటి కొత్త డబ్బాల గేర్ రాడ్డు. దానికి తగిన చక్రం బయటి దేశం నుంచి రావాలె, ఎప్పుడొస్తదో తెల్వదు. రెండోది వాడిన సామాను. రాడ్డు, చక్రం, రెండూ ఒకే బండిలకెల్లి తీసినయి.

"గిది జోడి అన్నా," అన్నడు రాజం. "ఒకదానికొకటి అలవాటు పడ్డయి. ఇయ్యాల్నే బిగించి ఇస్త."

"ఎవలది ఆ బండి?" అన్నది సుశీలమ్మ కుర్చీల నుంచే.

"పట్నం నుంచి వచ్చింది పెద్దమ్మా."

"ఏడికెల్లి అని కాదు నాయినా, ఎవలది అని అడిగిన."

"పాత సామానుకు పేర్లుంటయా పెద్దమ్మా..." రాజం మొఖం తిప్పుకున్నడు. రాడ్డు ఎత్తేటప్పుడు చేతికి గుడ్డ చుట్టుకున్నడు. జిడ్డు అన్నడు. ఆమె లేచి పోయి ముట్టి చూసింది. జిడ్డు ఎక్కడిది? తుడిచిన పళ్లెం లెక్క పొడిగున్నది. పొడిగనే కాదు... గోరువెచ్చగ ఉన్నది. ఎవలో ఇప్పుడే పట్టుకొని ఇడిసినట్టు.

పట్టుకునే గుండు కింద, చేతి ఏళ్లకు ఏదో తగిలింది. నల్ల దారం. గట్టిగ చుట్టి ముడేసి ఉన్నది. ఒక కొస తెగి, బయటికి ఏలాడుతున్నది. ఆమె బొటనవేలితో ముడిని తడిమింది. గది నేత ముడి. మగ్గం మీద కూసున్నోళ్లు తప్ప వేరేవాళ్లు ఎయ్యలేరు.

"పట్నంల గీ ముడి ఎవలేసిన్రు రాజం?"

రాజం వినపడనట్టు పానా వెతుక్కున్నడు. "బాపమ్మా, దిష్టి దారం, ఎవలో కట్టుకుంటరు," అని ప్రణీత్ ఆమె భుజం పట్టుకొని తెచ్చి కుర్చీల కూసోబెట్టిండు.

బిగించుడు అయ్యేసరికి పొద్దు గూకింది. మబ్బు కమ్మింది. బండిని బయటికి తెచ్చేటప్పుడు కూడ రాజం లోపల కూసోలేదు. వెనుక నుంచి నెట్టిండు. మోకాలు నొప్పి అన్నడు. నెట్టేటోనికి మోకాలు నొయ్యదా అని ఆమె అనుకున్నది గని, పైకి అనలేదు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గోడ దాక వెనుకకు పోయి నిలబడ్డడు.

కొత్త ఇనుము ఏది వచ్చినా పెద్ద ముత్తైదువో, పెద్ద ముసలిదో పసుపు దారం కట్టుడు ఆ ఇంటి పద్ధతి. దసరాకు మగ్గానికి, పోగును అటూ ఇటూ తీసుకపోయే నాడెకు కట్టినట్టే. సుశీలమ్మ కొంగున ఉన్న పసుపు దారం తీసి, బండిలకు వంగి, రాడ్డుకు చుట్టబోయింది. మసక చీకటి. ఏళ్లకు ఆ తెగిన కొస దొరికింది. ఒక జన్మంత తెగిన పోగులు అతికిన చేతి ఏళ్లు అవి. కొస కనబడితే ఆగుతయా? ఆమె ఏదో ఆలోచిస్తుండంగనే అవి పసుపు కొసను నల్ల కొసతోటి కలిపి, మెలిపెట్టి, ముడి బిగించేసినయి.

ఏం చేసిందో ఆమెకు అప్పుడు సమజైంది.

నేతోడు పోతే వాని నాడెల మిగిలిన దారాన్ని కోసి నీళ్లల్ల ఇడుస్తరు. ఆ పోగుకు బతికున్నోళ్ల పోగు అతకరు. అతికితే వాని చెయ్యి మగ్గాన్ని ఇడిసిపోదంటరు. అవ్వ చెప్పింది, అత్త చెప్పింది.

'పోయినోనిదే అని ఎవలన్నరు?' అని తనకు తనే చెప్పుకున్నది. గోడ దిక్కు చూసింది. రాజం షెటర్ దించుతున్నడు. ఇంకా రాత్రి ఎనిమిది కూడ కాలేదు.

"చేర్యాల రోడ్డు దిక్కు ఒక చక్కర్ కొట్టి ఇంటికి పోదాం," అన్నడు ప్రణీత్. ముందు సీటు బెల్టు పెడితే ఆమెకు ఊపిరాడదు. వెనుక కూసున్నది. పెద్దతనంల నేర్చుకున్న అక్షరాలతోటి, దుకాణాల బోర్డులు ఒక్కొక్కటి కూడబలుక్కుంట పోవుడు ఆమెకు సంబురం. బట్టల దుకాణం... మందుల దుకాణం... అంతల కరెంటు పోయింది. బోర్డులన్నీ ఒక్కసారే నల్లగైనయి. సన్నగ వాన మొదలైంది.

"సూడు బాపమ్మా, ఎట్ల పడుతుందో గేరు! నేను అనుకునేలోపే పడుతుంది."

నువ్వు అనుకునేలోపే... ఎట్ల పడుతుంది బిడ్డా?

ఊరు దాటినంక బండిల ఒక వాసన వచ్చింది. కాలిన నూనె కాదు. తడి మట్టి కాదు. గంజి వాసన. మగ్గం మీది పడుగు పోగులకు పట్టించే గంజి, పులిసిన గంజి.

"నీకేమన్న వాసనొస్తుందా?"

"వాన గదా బాపమ్మా."

"ఒకసారి ఆపు బిడ్డా. బంద్ చెయ్యి."

వాడు పక్కకు ఆపిండు. తాళం తిప్పిండు. లైట్లు ఆరినయి. పైన రేకు మీద వాన సప్పుడు. కింద... గిర్ర్ మని తిరుగుడు. ఆగలేదు.

"బంద్ చెయ్యమన్న గదరా."

"చేసిన."

"మరి తిరుగుతుందేంది?"

ప్రణీత్ తాళంచెవి బయటికి తీసి చూసిండు. వాని చేతిల మెరిసింది. పాదాల కింద చక్రం ఇంకా తిరుగుతనే ఉన్నది. ఇడువంగనే ఆగే చక్రం అన్నరు. ఇది ఆగుతలేదు. ఎవలో దారం చుట్టుకుంట, తీరికగ, రాట్నం తిప్పినట్టు... మెల్లగ... మెల్లగ... ఆగింది.

ఆగినంక, టక్ మన్నది. రాడ్డు కదిలి గేర్ల పడ్డది.

"నువ్వేసినవా?" ఆమె గుసగుసగ అడిగింది.

"లే... లూజున్నట్టుంది. రాజం గానికి రేపు చెప్త." వాడు తాళంచెవి మళ్ల పెట్టిండు. "పోదాం ఇంటికి." బండి మళ్లీ చాలు చేసిండు.

రేపు. రేపు ఈ బండ్లనే పాప.

అప్పుడు మూడో వరుస యాదికొచ్చింది. ఎన్నేళ్లకో. ఎవలో చెవుల చెప్పినట్టు వచ్చింది. "ఎవలదని అడుగమ్మ ఉయ్యాలో..."

ఆమె బొడ్ల సంచి నుంచి పోగులు కోసే చిన్న కత్తెర తీసింది.

"ఏం చేస్తున్నవ్?"

"దారం కోస్త."

"బండి నడుస్తుంటెనా? ఇంటికాడ కొయ్యరాదు!"

"ఇంటి దాక వద్దు బిడ్డా. నీకు దండం పెడ్త."

"నీ సాదింపు నీదే! సరే, కొయ్యి. నా ఏలు కొయ్యకు మల్ల."

ఆమె రెండు సీట్ల నడుమ నుంచి ముందుకు వంగింది. చీకట్ల ఏళ్లతోటి ముడి వెతికింది. దొరికింది. తడిగున్నది. కత్తెర పెట్టి నొక్కింది. కచ్ మని తెగింది. దారం అరచేతిల పడ్డది. హమ్మయ్య అని వెనుకకు ఒరిగి, చేతులు రెండూ ఒడిల పెట్టుకున్నది. కుడి చేతిల కత్తెర, ఎడమ చేతిల దారం.

ఎదురుంగ దూరంగ ఒక లారీ వచ్చింది. దాని లైటు లోపలికి పడ్డది. ఆమె అరచెయ్యి ఇప్పి చూసుకున్నది.

పసుపు దారం. ఉత్త పసుపు దారమే. తను కట్టినది.

నల్లది రాడ్డుకే ఉన్నది. దాని తెగిన కొస ఇప్పుడు ఏలాడుతలేదు. ప్రణీత్ మణికట్టు చుట్టు తిరిగి ఉన్నది.

లారీ దగ్గరికొస్తున్నది. ప్రణీత్ గేరు మార్చబోయిండు. రాడ్డు కదల్లేదు. మళ్ల నెట్టిండు. కన్ను రోడ్డు మీదికెల్లి తియ్యకుండ, చిన్నప్పుడు గారాలు పోయిన గొంతుతోటే వాడు ఆమెతోటి అన్నడు. వాని నోటి నుంచి ఆమె విన్న ఆఖరి మాట గదే.

"కోసినవ్ గదా బాపమ్మా... ఇగ నా చేతి మీదికెల్లి నీ చెయ్యి తియ్యి."