డబ్బాలో పడిన నాలుగో ఫోన్

వెనక మూత ఊడదీయగానే యశస్విని చెయ్యి ఆగిపోయింది. బ్యాటరీ పక్కన చిన్న స్టిక్కర్. మదీనాగూడలోని ఏదో సెకండ్‌హ్యాండ్ మొబైల్ షాపుది.

బల్లకి ఇవతల హేమంత్ కూర్చుని ఉన్నాడు.

"ఇది నువ్వు వాడిన ఫోనేనా?"

"వాడినా."

యశస్విని సంచిలోంచి అతను అంతకుముందు ఇచ్చిన మూడు ఫోన్లూ తీసి విప్పింది. రెండింటిలో అదే స్టిక్కర్.

"మరి ఇదేంది?"

హేమంత్ క్యాంటీన్ కిటికీ వైపు చూశాడు. బయట జోరుగా వాన. పారిపోయే వీలు కూడా లేదు.

విద్యార్థులు ఫోన్లెందుకు మారుస్తారు, పాతవి ఎంత చెత్తగా పోగవుతున్నాయి? ఇదీ యశస్విని ఎమ్మెస్సీ ప్రాజెక్టు. యూనివర్సిటీ క్యాంటీన్ పక్కన డబ్బా పెట్టింది. పాత ఫోన్ తెచ్చినవాళ్లతో పావుగంట మాట్లాడేది. ఆ పావుగంట కోసమే అనంతపురం నుంచి వచ్చిన ఎంబీయే కుర్రాడు హేమంత్ వారానికో ఫోన్ తేవడం మొదలుపెట్టాడు.

"మొదటిది నాదే," అన్నాడు. "అదైపోయినాక నీతో మాట్లాడేకి వేరే దారి కనపడలా."

"అందుకని పనిచేసే ఫోన్లు కొని చెత్తల ఏస్తవా? చెత్త తగ్గించాలని నేనిక్కడ కూసుంటే!" ఆమె ఫోన్ల మూతలు టకటకా మూసింది. "టచ్ పోయిందన్నవ్, బ్యాటరీ ఉబ్బిందన్నవ్. అన్నీ నమ్మిన. రేపు మేడంకి ప్రాజెక్టు చూపియ్యాలె. ఒకడు అబద్ధం చెప్తే అందరూ చెప్పిన్రేమో అంటది. మొత్తం పనే పాయె!"

అతను కొన్న ఫోన్లు మూడూ అతని ముందుకి తోసింది. గొడుగు కూడా తెరవకుండా గోపన్‌పల్లిలోని ఇంటి దారి పట్టింది.

మర్నాడు యశస్విని తన ప్రాజెక్టు గైడ్ అనసూయ మేడం గదిలోకి వచ్చేసరికి హేమంత్ అక్కడే నిలబడి ఉన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అబద్ధం చెప్పింది నేనొక్కడినే మేడం," అంటున్నాడు. "హాస్టల్లో గది గదికీ తిరిగినా. ఫోన్లిచ్చిన మిగతావాళ్ల బిల్లులు, వాళ్లు ఆ ఫోన్లతో దిగిన ఫోటోలు పట్టుకొచ్చినా. యశస్విని పనిలో తప్పు లేదు."

అనసూయ మేడం అన్నీ తిరగేసి చూసింది. "ఇంతకీ నువ్వెందుకు కొన్నావయ్యా?"

హేమంత్ యశస్విని వైపు చూశాడు. "ఈమెతో మాట్లాడేకి."

మేడం కళ్లజోడు తీసింది. "మనవాళ్లు ఫోన్లు కొనడానికి చాలా కారణాలు విన్నాను. ఇది కొత్తది. ఆ మూడూ తీసెయ్ యశస్వినీ. మిగతా ప్రాజెక్టు బాగుంది. ఇతన్నేం చెయ్యాలో నువ్వే చూసుకో."

ఇద్దరూ వరండాలోకి వచ్చారు. వాన వెలిసింది.

"ఆ మూడూ షాపోడికి తిరిగిచ్చేసినా. సగం ధరకే తీసుకున్నాడు."

"మంచిగైంది." యశస్విని అతని చేతిలోని ఫోన్ చూసింది. తెర మూల పగిలింది. "ఇదెన్నాళ్లు వాడుతవ్?"

"పూర్తిగా చచ్చేదాకా."

"ఇదీ అబద్ధమేనా?"

"కావాలంటే వారం వారం తెచ్చి చూపిస్తా."

ఆమె నవ్వాపుకుంటూ నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"వారం దాకా ఎందుకు? రేపు రా."

"ఏ ఫోన్ తేవాల?"

"ఏదొద్దు. ఉత్తచేతుల్తోనే రా."